పరిచర్యలో పరుగు, ప్రార్థనలో బద్ధకం

ప్రశ్న: నాకు 39 ఏళ్ళు. గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు మాది. ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను. 12 ఏళ్ళుగా మా సంఘంలో సండే స్కూల్ చెబుతున్నాను. క్వైర్ ప్రాక్టీసు, బుధవారం ఇళ్ళలో జరిగే కాటేజీ ప్రార్థనలు, సంఘం వాట్సాప్ గ్రూపు, అన్నీ నేనే చూస్తాను. నన్ను ఖాళీగా చూసినవాళ్ళు లేరు. కానీ ఏడాదిన్నర నుంచి ఒంటరిగా ప్రార్థన చేయలేకపోతున్నాను. మోకరించిన రెండు నిమిషాలకే ఏదో పని గుర్తొచ్చి లేస్తాను. బైబిలు తెరిస్తే చెయ్యి ఫోను మీదికి పోతుంది. ఎవరైనా, ముఖ్యంగా ఒక ముసలామె, సాక్ష్యం చెబుతుంటే చిరాకు పుడుతోంది. ఇంట్లోనూ ముభావంగా ఉంటున్నాను. మొన్న పాస్టరు గారు 'సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము' అనే వాక్యం మీద ప్రసంగించినప్పుడు అది నాకు కాదులే అనుకున్నాను. ఇంటికొచ్చాక నాకేనేమో అనిపించింది. నేను సోమరినా? ఇది పాపమా? గుంటూరులో ఒక పెద్ద సంఘానికి మారితే మళ్ళీ ఆత్మలో వెలిగించబడతానేమోనని చూస్తున్నాను. ఈ స్థితిలో పిల్లలకు వాక్యం చెప్పవచ్చా?

సమాధానం:

బ్రదర్, ముందు సంఘం మారే సంగతి ఆపండి. కనీసం ఆరు వారాలు దాని గురించి ఎవరితోనూ మాట్లాడవద్దు, అక్కడికి చూసి రావడానికి కూడా వెళ్ళవద్దు. ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరంలో ఉన్న లక్షణాలన్నీ దాదాపు 1,600 ఏళ్ళ క్రితమే ఒకాయన వరసగా రాసిపెట్టాడు. ఆయన పేరు ఎవాగ్రియస్. నల్ల సముద్రం దగ్గర పొంతు ప్రాంతంవాడు. ఐగుప్తు ఎడారిలో నిత్రియా, కెల్లియా అనే చోట్ల సన్యాసులతో కలిసి బతికి 399లో చనిపోయాడు. ప్రార్థించే మనిషిని పడగొట్టే తలంపులు ఎనిమిదని లెక్క వేశాడు. తర్వాత క్రైస్తవ లోకంలో స్థిరపడిన ఏడు మూల పాపాల పట్టికకు మూలం ఇదే. ఆ ఎనిమిదింటిలో అన్నిటికంటే బరువైనదని ఆయన చెప్పింది తిండిపోతుతనాన్నీ కాదు, కామాన్నీ కాదు. గ్రీకులో అకీడియా అంటారు. మన పట్టికల్లో అది 'సోమరితనం'గా వచ్చింది. 91వ కీర్తనలో 'మధ్యాహ్నమందు పాడుచేయు రోగము' అని చదువుతామే, దానికి ఆయన చదివిన గ్రీకు బైబిల్లో మధ్యాహ్నపు దయ్యం అని ఉంటుంది. ఆ పేరే దీనికి పెట్టాడు.

అది ఎలా పనిచేస్తుందో ఆయన రాసిన తీరు చూడండి. పొద్దున పదింటికి మొదలై మధ్యాహ్నం రెండింటిదాకా పట్టుకుంటుంది. సూర్యుడు కదలడం లేదనిపిస్తుంది, పగలు యాభై గంటలున్నట్టు తోస్తుంది. సన్యాసి కిటికీ వైపు చూస్తాడు. గదిలోంచి బయటికొచ్చి, భోజనం వేళకు ఇంకెంత ఉందోనని ఎండను చూస్తాడు. వాళ్ళకు రోజుకు ఒకటే భోజనం, అది మూడింటికి. ఆ తర్వాత ఉన్న చోటు మీద, చేస్తున్న చేతిపని మీద, ఆ బతుకు మీదే రోత పుడుతుంది. 'ఇక్కడి సహోదరుల్లో ప్రేమ చల్లారిపోయింది, నన్ను ఓదార్చేవాడే లేడు' అనిపిస్తుంది. ఈ మధ్య ఎవరైనా ఒక మాట అని ఉంటే అది ఇప్పుడు గుర్తొస్తుంది. చివరికి ఇంకో ఊరు కళ్ళ ముందు కనబడుతుంది. అక్కడ అన్నీ సులువుగా దొరుకుతాయి, పని కూడా తేలికగా సాగుతుంది. పైగా దానికి వాక్యం తోడు: దేవుణ్ణి ఎక్కడైనా ఆరాధించవచ్చు కదా!

గుంటూరు సంఘం గురించి మీరు రాసింది ఒకసారి దీని పక్కన పెట్టి చదువుకోండి. పొరుగింటి పుల్లకూర రుచి అన్నది సంఘాల విషయంలో మరీ నిజం.

ఇక మీరు సోమరేనా? అవును, కానీ చీమల వాక్యం కొట్టే సోమరి వేరు. సామెతల గ్రంథంలో సోమరి పడక మీద దొర్లుతాడు, పాత్రలో చెయ్యి ముంచి నోటిదాకా ఎత్తలేడు, వీధిలో సింహముందంటాడు. మీకు ఆ జబ్బు లేదు. 13వ శతాబ్దంలో తామస్ అక్వినాస్ అనే వేదాంతి దీన్ని తేటగా విప్పాడు. దేవునితో స్నేహం అనే మేలు ఎదుట ఉన్నా అది బరువుగా తోచడం, దాన్ని చూసి సంతోషించాల్సింది పోయి లోలోపల దుఃఖపడటం. దీన్ని ఆయన ప్రేమకు విరోధమైన పాపాల్లో చేర్చాడు. విశ్రాంతిదినం ఆజ్ఞకు విరోధమని కూడా అన్నాడు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. సోమరితనం పని చేయమన్న ఆజ్ఞను మీరడం అనుకుంటాం. ఆయన చూపేది దేవునిలో ఊరుకుని ఉండలేకపోవడాన్ని. కాబట్టి రోజుకు పద్దెనిమిది గంటలు సంఘం పని మీద తిరిగే మనిషికీ ఈ రోగం ఉండవచ్చు. ఆ తిరుగుడే దాని ముసుగు కూడా కావచ్చు. ఎవాగ్రియస్ ఒక చోట కటువుగానే అంటాడు: ఈ తలంపు పట్టిన సన్యాసి రోగులను పరామర్శించడానికి చురుగ్గా బయలుదేరతాడు, కానీ నిజానికి తీర్చుకునేది తన అవసరాన్నే.

అందుకని మీకు 'లేవండి, ఇంకా కష్టపడండి' అని చెప్పినవాళ్ళు రోగానికి తిండి పెట్టినట్టే.

పాపమా అన్న ప్రశ్నకు నేరుగా జవాబు. తలంపు రావడం మన చేతిలో లేదు, అది మనలో తిష్ట వేయాలా వద్దా అన్నది మన చేతిలో ఉంది. ఇది ఎవాగ్రియస్ మాటే. అక్వినాస్ కూడా శరీరం ముడుచుకుపోవడాన్నీ, బుద్ధి దానికి ఒప్పుకోవడాన్నీ విడదీశాడు. ఘోరపాపమయ్యేది రెండోదే. మోకాళ్ళ మీద విసుగు రావడం శోధన. 'నాకిది అక్కర్లేదు, ఇలాగే నడిపించేస్తాను' అని లోపల ఒప్పందం చేసుకోవడం పాపం. మీరు ఒప్పందం చేసుకోలేదు, చేసుకుంటే ఈ ఉత్తరం రాసేవారు కాదు. కానీ ఏడాదిన్నర తక్కువ కాలమేమీ కాదు. గట్టు తెగలేదు గానీ నానుతోంది.

ప్రమాదం ఎటు పోతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది మీలో మొదలైంది. 6వ శతాబ్దం చివర రోములో పోపుగా ఉన్న గ్రెగొరీ ఈ దుఃఖానికి ఆరుగురు సంతానమని లెక్క చెప్పాడు: దుర్బుద్ధి, పగ, పిరికితనం, నిరాశ, ఆజ్ఞల విషయంలో జడత్వం, కూడని వాటి వెంట మనసు తిరగడం. సోమరితనానికీ పగకూ సంబంధమేమిటని మొదట అర్థం కాదు. అక్వినాస్ వివరణ ఇది. దేవుని మేలు మనకు బరువైనప్పుడు ముందు దాన్నుంచి తప్పుకుంటాం. తప్పుకున్నాక కూడా అది ఎదురుపడుతూనే ఉంటే దాని మీద తిరగబడతాం. మన దగ్గరికి ఆ మేలు తెచ్చే మనుషుల మీద కక్ష పెరిగితే అది పగ. ఆ మేలు మీదే అసహ్యం పుడితే అది దుర్బుద్ధి. సాక్ష్యం చెప్పే ముసలామె మీద మీకొచ్చే చిరాకు ఈ దారిలో తొలి అడుగు. ఆమె గొంతు మీదో, అదే సాక్ష్యం పదోసారి చెప్పడం మీదో కాదు మీ చిరాకు. మీకు ఎండిపోయింది ఆమెకు ఊరుతోంది, అదీ సంగతి. ఇలాంటి విసుగు ముదిరితే మనిషి సంఘంలోనే ఉంటాడు, పదవిలోనే ఉంటాడు, అన్నిటికీ వంకలు పెట్టే పెద్దగా తయారవుతాడు. అలాంటి పెద్దలు ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురుంటారు, పేర్లు మీకే తెలుసు.

మనసు తిరగడం అన్నది ఫోను. దీన్ని కూడా ఎవాగ్రియస్ దగ్గర నుంచి చూశాడు. చదువుకోవడానికి కూర్చున్న సన్యాసి ఆవులిస్తాడు, కళ్ళు నులుముకుంటాడు, చేతులు చాచి ఒళ్ళు విరుచుకుంటాడు, పుస్తకం మీంచి చూపు తీసి గోడ వైపు చూస్తాడు. మళ్ళీ కాస్త చదువుతాడు. పేజీలు తిప్పి ఇంకెన్ని ఉన్నాయో లెక్క పెడతాడు. దస్తూరి బాగాలేదంటాడు, అలంకారం బాగాలేదంటాడు. చివరికి పుస్తకం మూసి తలకింద పెట్టుకుని నిద్రపోతాడు. నాలుగో శతాబ్దంలో గోడ ఉండేది, మనకు తెర ఉంది.

ఇప్పుడు చేయాల్సినవి. వీటిలో మొదటిది కుదరకపోతే మిగతావి పనికిరావు.

ఒక కొలత పెట్టుకోండి, అదీ చిన్నది. రోజుకు పన్నెండు నిమిషాలు. పొద్దున ముఖం కడుక్కున్నాక, ఇంట్లో ఒకే చోట, ఒకే కుర్చీ లేదా ఒకే చాప. ఒక కీర్తన పైకి వినబడేలా నెమ్మదిగా చదవండి, తర్వాత ప్రభువు ప్రార్థన, తర్వాత ముగ్గురి పేర్లు చెప్పి వాళ్ళ కోసం మనవి, మిగిలిన సమయం ఊరికే కూర్చోండి. అంతే. మనసు కుదిరిన రోజు ఉత్సాహపడి గంట చేయవద్దు, పన్నెండుకు లేవండి. మనసు అస్సలు కుదరని రోజు మాత్రం ఒక నిమిషం ఎక్కువ కూర్చోండి. ఈ ఉపాయం జెస్యూట్ సభను స్థాపించిన 16వ శతాబ్దపు ఇగ్నేషియస్ లొయోలాది. లేచిపోవాలన్న ఒత్తిడికి లొంగకపోవడమే కాదు, దానికి ఎదురు నడవాలంటాడు.

ఇంత తక్కువా అని మీకనిపిస్తుంది. మన సంఘాల్లో ఇక్కడే చెడుతుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీర్మానం చేస్తాం: ఏడాదిలో బైబిలంతా చదువుతాను, తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాను. బైబిల్లో 1,189 అధ్యాయాలు, రోజుకు మూడు పైచిలుకు చదవాలి. లేవీయకాండం దగ్గరికొచ్చేసరికి నాలుగు రోజులు తప్పిపోతుంది, అప్పటికి పదమూడు అధ్యాయాలు బాకీ. ఆ బాకీని చూస్తే పుస్తకం తెరవడానికే భయం. ఆరంభశూరత్వం సోమరితనానికి విరుగుడు కాదు, దాని మేత. తప్పిపోయిన రోజు తప్పిపోయినట్టే. మర్నాడు ఇరవై నాలుగు నిమిషాలు చేసి బాకీ తీర్చాలని చూడకండి. పన్నెండే.

ఫోను వేరే గదిలో పెట్టండి. బైబిల్ యాప్ వద్దు, అచ్చు బైబిలే చదవండి. సమయం చూసుకోవడానికి గోడ గడియారం చాలు. వాట్సాప్ గ్రూపులో 'నేటి వాగ్దానం' మీరు పెట్టేవారైతే ఆ పన్నెండు నిమిషాల తర్వాతే పెట్టండి. ఎందుకంటే గ్రూపులో పెట్టడానికి వాక్యం వెతకడాన్ని మనం వాక్యధ్యానం కింద లెక్కేసుకుంటాం. ఇంకా మంచిది, ఆరు వారాలు ఆ పని ఇంకొకరికి అప్పగించండి.

రెండోది, ఎదురు చెప్పడం. శోధన వేళ మన ప్రభువు 'అని వ్రాయబడియున్నది' అని ఎదురు చెప్పాడు కదా, ఆ పద్ధతి మీద ఎవాగ్రియస్ ఒక గ్రంథమే రాశాడు. ఎనిమిది తలంపులకు ఎనిమిది భాగాలు, తలంపు పలికే ఒక్కో మాటకు ఎదురుగా ఒక్కో వాక్యం. మీ సొంతది మీరు తయారు చేసుకోండి. అట్టముక్క మీద ఎడమ పక్క మీ మనసు అన్న మాట ఉన్నదున్నట్టు రాయండి, కుడి పక్క వాక్యం. 'రేపటి నుంచి మొదలెడతా' అంటే, 'నేడు మీరాయన శబ్దమును వినినయెడల మీ హృదయములను కఠినపరచుకొనకుడి'. 'ఇంకా ఎన్నేళ్ళిలా' అంటే, 'ఏనాటికీడు ఆనాటికి చాలును'. 'ఇంత చేసినా ఏముంది' అంటే, 'మేలు చేయుటయందు విసుకక యుందము'. నాలుగైదు చాలు. తలంపును ముద్దగా 'మనసు బాగాలేదు' అని రాస్తే ఇది పనిచేయదు. అది ఏ మాటలతో వచ్చిందో ఆ మాటలతోనే రాయాలి. పట్టుబడ్డ మాట సగం బలం కోల్పోతుంది.

మాటలే రాని రోజు 42వ కీర్తనలోని 'నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?' చెప్పుకోండి. ఎవాగ్రియస్ దీన్ని ప్రత్యేకంగా వాడమన్నాడు. మనల్ని మనమే ఇద్దరుగా చేసుకుని ఒకరు రెండోవారిని ఓదార్చాలట.

మూడోది చేతిపని. ఎడారి తండ్రుల మాటల్లో, అంటే ఆ తొలి సన్యాసుల మాటల సంపుటిలో, మొట్టమొదటిగా వచ్చేది ఆంతోనీ అనే సన్యాసి గారి సంగతే. ఆయన ఇదే విసుగులో ఉండి రక్షణకు దారేదని అడిగితే, తనలాంటి మనిషే ఒకడు కనబడ్డాడట: కూర్చుని తాడు పేనుతున్నాడు, లేచి ప్రార్థిస్తున్నాడు, మళ్ళీ కూర్చుని పేనుతున్నాడు. ఇలా చెయ్యి, రక్షింపబడతావని దేవదూత చెప్పాడు. మీది అంకెల పని, అంతా తలలోనే. రోజుకు అరగంట చేతుల పని ఒకటి పెట్టుకోండి. అంట్లు తోమడం, వాకిలి చిమ్మడం, మొక్కలకు పాదులు తీయడం, ఏదైనా సరే. రెండు షరతులు: అది ఇంట్లో పని కావాలి, దాని ఫోటో ఎక్కడా పెట్టకూడదు. ఆ పని చేస్తూ 70వ కీర్తన మొదటి వచనం, 'దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము, యెహోవా, నా సహాయమునకు త్వరగా రమ్ము' అని మధ్య మధ్య అనుకోండి. ఇది కష్టమొచ్చిన ప్రతిసారీ వాడుకోదగ్గ ప్రార్థన అని కాసియన్ అనే 5వ శతాబ్దపు సన్యాసి నేర్పాడు. ఇంట్లో మీ ముభావానికి కూడా ఇదే మందు. అంట్లు తోమే మనిషితో ఇంట్లోవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మాట్లాడతారు.

నాలుగోది, పరిచర్య తగ్గించడం. అన్నీ ఒక్కసారి వదిలేయకండి. అలా వదిలేయడం కూడా ఆ మధ్యాహ్నపు తలంపు సలహానే. మీ చేతిలో ఉన్న నాలుగింటిలో సండే స్కూల్ ఉంచుకోండి. కాటేజీ ప్రార్థనలకు వెళ్ళండి, కానీ ఏర్పాట్లు ఇంకొకరు చూస్తారు. క్వైర్ సగం సగం పంచుకోండి. ఆదివారం మీకు విశ్రాంతి లేదు కాబట్టి వారంలో ఇంకో పూట, శనివారం సాయంత్రమో ఏదో, పూర్తిగా ఖాళీ పెట్టండి. ఆ పూట సంఘం ఫోన్లు ఎత్తవద్దు, రీల్స్ కూడా చూడవద్దు. రీల్స్ చూసి లేచినవాడు కూర్చున్నప్పటికంటే అలసిపోయి లేస్తాడు.

ఇప్పుడు సంఘం మార్పు. కాసియన్ ఎడారిలో కొత్తగా ఉన్న రోజుల్లో ఈ విసుగు పట్టుకుంటే, పౌలు అనే సన్యాసి దగ్గరికి వెళ్ళొచ్చి తేరుకున్నాడు. ఆ సంగతి మోషే అనే పెద్దాయనకు చెబితే ఆయన మెచ్చుకోలేదు. నువ్వు దాన్నుంచి విడుదల కాలేదు, దానికి ఇంకా ఎక్కువ లోబడ్డావు, నువ్వు వెన్ను చూపావని దానికి తెలిసింది, రేపు ఇంకా గట్టిగా వస్తుంది అన్నాడు. ఇగ్నేషియస్ నియమం కూడా అదే: ఆత్మ ఎండిపోయి ఉన్నప్పుడు ముందు చేసిన తీర్మానాన్ని మార్చకూడదు. గుంటూరు సంఘంలో మొదటి మూడు నెలలు బాగానే ఉంటుంది. అక్కడ మీకు పని ఉండదు, ఎవరూ తెలియదు, సంగీతం బాగుంటుంది. నాలుగో నెలలో ఎవరో ఒకరు సండే స్కూల్ చూడమంటారు.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. దుర్బోధ, కానుకల లెక్కల్లో మోసం, ఆడవాళ్ళతోనో పిల్లలతోనో చెడు నడత లాంటివి ఉంటే ఆరు వారాలు ఆగనవసరం లేదు. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు.

ఇంకొక విషయం తేల్చుకోవాలి, ఇది ఒంటి జబ్బో కాదో. రాత్రి పదకొండుకు క్రికెట్ మ్యాచ్ ఉత్సాహంగా చూడగలిగి, పదింటికి ప్రార్థనకు మాత్రం ఒళ్ళు బరువెక్కితే అది పైన చెప్పిన సోమరితనమే. మ్యాచ్ మీద కూడా, తిండి మీద కూడా, పిల్లల మీద కూడా ఆసక్తి పోయి, రెండు వారాలకు పైగా దాదాపు రోజూ అలాగే ఉండి, నిద్రా ఆకలీ మారిపోతే అది డిప్రెషన్ కావచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. థైరాయిడ్, రక్తహీనత, బి12 పరీక్షలు కూడా అడగండి, వీటిలో ఏ లోపం ఉన్నా మనిషి ఇలాగే నీరసపడవచ్చు. చచ్చిపోతే బాగుండనే తలంపు వస్తే ఆ రోజే ఇంట్లో చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు సోమరీ అనలేదు. నిద్రపోనిచ్చాడు, రెండుసార్లు లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. అప్పుడు మందులూ వాడాలి, పన్నెండు నిమిషాలూ కూర్చోవాలి.

ఇవన్నీ ఒక్కరితో చెప్పుకోండి. పాస్టరు గారైనా, ఆ చిరాకు పుట్టించే ముసలామె అయినా సరే. ఆమే మేలేమో. వారానికోసారి పది నిమిషాలు, ఎన్ని రోజులు కూర్చున్నారో అంకె చెప్పండి చాలు. సంఘం ముందు నిలబడి సాక్ష్యంగా మాత్రం ఇప్పుడే చెప్పకండి. చెప్పాక నిలబెట్టుకోవాలన్న బరువు ఇంకొకటి తోడవుతుంది.

పిల్లలకు వాక్యం చెప్పవచ్చు, చెప్పాలి కూడా. మీలో అనిపించనిదాన్ని అనిపిస్తున్నట్టు నటించకండి, గొంతు పెంచి ఆవేశం తెచ్చుకోకండి. కథను ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ ఆరు వారాలు యాక్షన్ సాంగ్స్ తగ్గించి, పిల్లలతో కలిసి ఒక కీర్తన కంఠతా పట్టించండి. 121వ కీర్తన ఎనిమిది వచనాలే, వారానికి రెండు చొప్పున నాలుగు వారాల్లో వస్తుంది. మిగిలిన రెండు వారాలు వాళ్ళ చేత మీకు అప్పజెప్పించుకోండి, మీరూ చూడకుండా వాళ్ళకు అప్పజెప్పండి. పొద్దున ఆ పన్నెండు నిమిషాల్లో మీరు చదివేది కూడా అదే కీర్తన అయితే వేరే తయారీ అక్కర్లేదు.